మూడో మెట్టు మీద కావలివాడు

మొదటి చావు

ఎలకల చేతిలో చచ్చాను. ఈ కొండ మీద వడగాలికీ నీళ్ళ కరువుకీ చావకుండా నలభై ఆరేళ్ళు నెట్టుకొచ్చినదాన్ని, చివరికి తెర మీద ఎలకలు చంపాయి. అదీ సులువు మెట్టులో. "ఈ మెట్టులో సచ్చిపోవాలంటే సానా కట్టపడాలమ్మా తవిటమ్మా" అని గవరయ్య పళ్ళికిలించాడు.

గవరయ్య మా ఆటసాల చూసుకునే పెద్దాయన. తెర మీద ఈ చీకటికోట అనే ఆట ఆడే ప్రతివాళ్ళకీ ఒకటే షరతు పెడతాడు. చచ్చినప్పుడల్లా ఎలా చచ్చారో రాసుకోవాలి. రాసుకోనివాడు అదే చావు మళ్ళీ చస్తాడని ఆయన నమ్మకం. సరే, రాస్తున్నాను. రిమోటు తిరగేసి పట్టుకున్నాను. అంతే సంగతి.

ఈ ఆట ఆడుతున్నందుకు మా ఆయన దాలినాయుణ్ణి కాపురం చేసినన్నాళ్ళూ తిట్టిపోసింది నేనే. "పగలు తలుపు తీత్తే ఏగిపోతాం. ఈ సొరంగంలో కూకోని ఇంకేటి సెయ్యమంటావే?" అనేవాడు. మా అత్త చిన్నమ్మి, కొడుకు పక్కనే చతికిలబడి "కొట్టరా, ఆ కొమ్ములోణ్ణి కొట్టరా" అని అరిచేది. నేను తెరకి వీపు పెట్టి చోడిపిండి జల్లించుకునేదాన్ని.

కిందటేడు గాలివానకి, మాకు తాగే నీళ్ళు పట్టిచ్చే పొగమంచు వల చిరుగుతుంటే, వెనక్కి రమ్మని అందరం అరుస్తున్నా వినకుండా ముందుకు వెళ్ళాడు. లోయలో పడిపోయాడు. ఆ లోయలోకి ఎండ ఎవరినీ దిగనివ్వదు. మా ఇంటికి శవం రాలేదు.

నిన్న ఆయన మొదటి ఏడాది సాగనంపు. మా కొండ మీద ఆటగాడు ఎవరైనా పోతే, బతికినన్నాళ్ళూ అతను ఆడిన ఆటంతా పోగుచేసి, యంత్రం అతని ఇంటివాళ్ళు ఆడే కోటలో చివరి గుమ్మం దగ్గర అతని బొమ్మని కావలి పెడుతుంది. ఏడాదికోసారి ఇంటివాళ్ళు సులువు మెట్టులో ఆ గుమ్మం దగ్గరకు వెళ్ళి ఒక్క దెబ్బ వెయ్యాలి. కావలివాడు పడిపోతాడు. కూర్చున్నవాళ్ళందరూ "సాగిపోనాడు" అంటారు. తలా ఒక బెల్లంముక్క నోట్లో వేసుకుని లేస్తాం. ఆట మళ్ళీ పెడితే అతను మళ్ళీ లేచి నిలబడతాడు, మరుసటి ఏడూ అంతే. పోయినవాళ్ళని ఏటేటా పంపించుకోవడం మాకు అలవాటే.

ఆ దెబ్బ నేనే వేశాను. గుంజకి చొక్కా తొడిగినట్టు నిలబడ్డాడు, గుంజలాగే పడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇదేటి బాబూ, మా ఆయన ఇంత మొద్దు మడిసి కాడే!" అని గవరయ్యని నిలదీశాను.

"సులువు మెట్టులో కావలోళ్ళకి బుర్రుండదమ్మా. మెట్టెక్కినకొద్దీ యంత్రం ఆళ్ళకి బుర్ర పెంచుతాది. మామూలు మెట్టులో కొంత పెడతాది. ఆ పైది గట్టి మెట్టు. అక్కడైతే అచ్చం బతికున్నోడే."

"అక్కడికెలాగెల్లాలి?"

"మొదట్నించీ నువ్వే నడిసి రావాల. ఈ మెట్టులో ఆణ్ణి పడగొట్టాల. మామూల్లో మళ్ళీ పడగొట్టాల. అప్పుడు గట్టి మెట్టు తలుపు తీత్తారు."

మా ఆయన్ని చూడాలంటే ముందు మా ఆయన్ని రెండుసార్లు చంపాలన్నమాట. సరే అన్నాను.

పదకొండో చావు

గోతిలో పడి చచ్చాను. కత్తి చూసుకుని మురిసిపోతూ నడిచాను, గొయ్యి చూసుకోలేదు.

మురిసిపోవడానికి కారణం లేకపోలేదు. ఇప్పుడు ఎలకలు ఒక్క దెబ్బకి పోతున్నాయి. కొమ్ములవాడు రెండు దెబ్బలకి. గది దాటినప్పుడల్లా ఆట నాకు కొన్ని పాయింట్లిచ్చి, బలానికి పెట్టుకుంటావా, చురుకుకా, ఓర్పుకా అని అడుగుతుంది. నేను అన్నీ ఓర్పుకే పెట్టేశాను. చేతిలో ఉన్న విద్య కదా. గవరయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఓర్పుతో తన్నులు తినగలవు గానీ తన్నలేవు తల్లీ" అన్నాడు.

సాయంత్రం వలలు కట్టేటప్పుడు మా జట్టు ఆడవాళ్ళకి నా ప్రతాపం చెప్పాను. వాళ్ళు తాళ్ళు వదిలేసి మరీ నవ్వారు. నవ్వితే నవ్వనీ. ఇంకో రెండు గదులు దాటితే గుమ్మం.

ముప్ఫై ఎనిమిదో చావు

సులువు మెట్టులో ఆయన్ని పడగొట్టేసి మామూలు మెట్టుకొచ్చాను. వచ్చీ రాగానే మళ్ళీ ఎలకలే చంపాయి. అదే కోట, అవే గదులు, అవే ఎలకలు. కాని ఇప్పుడు వెనక నుంచి వస్తున్నాయి. సులువులో కొండలు పగలగొట్టిన నా కత్తి ఇక్కడ వంకాయ కూడా తెగని కత్తిపీట అయింది.

"సులువులో నువ్వు గెలిసినావనుకున్నావేటి? అది నిన్ను గెలవనిచ్చింది" అన్నాడు గవరయ్య. ఆ మాటకి రెండు రోజులు ఆటసాల వైపు వెళ్ళలేదు. మూడోనాడు వెళ్ళి, పాత కత్తి పారేసి, వచ్చిన పాయింట్లన్నీ బలానికి పెట్టాను.

ఇవాళ గుమ్మం దాకా చేరాను. ఆయన కదిలాడు.

తల వంచుకుని, భుజం ముందుకు పెట్టి, పొట్టేలు వచ్చినట్టు నా మీదికొచ్చాడు. వలల దగ్గర బరువు మోసేటప్పుడూ అంతే, అన్నానికి వచ్చేటప్పుడూ అంతే. ఎన్నిసార్లు కొట్టినా ఒక్క అడుగు వెనక్కి వెయ్యడు. మూడు దెబ్బలకి నన్ను పడగొట్టేశాడు. ఆటసాలలో అందరి ముందూ "మావా!" అని అరిచేశాను. సిగ్గు కూడా వెయ్యలేదు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో నా మీద చెయ్యెత్తని మనిషి చేతిలో ఇవాళ చచ్చాను, కడుపు నిండిపోయింది.

గట్టి మెట్టుకి వెళ్ళాలంటే ఇతన్ని పడగొట్టాలి. కత్తి బాగానే ఉంది. చెయ్యే రావడం లేదు.

తొంభై రెండో చావు

గట్టి మెట్టు. ఎలా పడగొట్టి ఇక్కడికొచ్చానో రాయను. పడగొట్టాను.

ఇక్కడ బలమూ చాలదు, ఓర్పూ చాలదు. ఎదుటివాడు ఎప్పుడు ఊపిరి తీస్తున్నాడో చూసుకుని కొట్టాలి. పైగా ఇక్కడ చస్తే ఊరికే పోదు. సంపాదించుకున్న పాయింట్లలో కొన్ని కోసేసుకుంటారు. నేర్చుకుంటూ పోగొట్టుకుంటూ, పోగొట్టుకుంటూ నేర్చుకుంటూ, గుమ్మం దగ్గరకి రాగలుగుతున్నాను.

మొదట్లో ఇక్కడా పొట్టేల్లాగే వచ్చేవాడు. ఒక్కోసారి స్తంభం చాటున దాక్కుని పక్క నుంచి దూకేవాడు. పదే పదే చచ్చాను. ఈ మధ్య నెమ్మదించాడు. ఇవాళ నా ప్రాణం గీత దారప్పోగంత మిగిలింది. ఇంకొక్క దెబ్బ పడితే అయిపోతాను. కత్తి ఎత్తాడు. ఎత్తినవాడు ఆగిపోయాడు. వెనక్కి తగ్గి, నన్నే చూస్తూ నిలబడ్డాడు.

నేను రిమోటు ఒళ్ళో పడేసుకుని ఏడుస్తుంటే పక్క నుంచి ఎలక వచ్చి చంపింది. వాటికేం తెలుసు.

ఇంటికి పరుగెత్తుకొచ్చి "అత్తా, ఆయన నన్ను గుర్తుపట్టినాడు" అన్నాను.

అత్త అంబలి గిన్నె కింద పెట్టేసింది. "ఏటన్నాడే? నా గురించి అడిగినాడేటి?"

"మాటలుండవత్తా. సూపే. అడిగినట్టే సూసినాడు."

ఆ ముఖం చూసి ఉంటే ఎవరైనా అదే అబద్ధం ఆడేవాళ్ళు. అత్త నా చెయ్యి పట్టుకుని, "ఈసారి సాగనంపుకి రిమోటు నా సేతికియ్యి. ఆ దెబ్బ నానేత్తాను. ఓపాలి ఆడి ముందు నిలబడాల" అంది. ఇస్తానన్నాను.

లెక్క తప్పిన చావు

ఎన్నో చావో తెలీదు. లెక్క పెట్టడం మానేశాను. గెలవడానికి ఆడటం కూడా మానేశాను. వలలు దించి, నీళ్ళు తొట్లలో పోసి, అత్తకి అంబలి పెట్టి, తలుపులు బిగించే వేళకి ఆటసాలకి చేరతాను. గుమ్మం దాకా వెళ్తాను. ఇద్దరం తిరుగుతాం. నేను కొట్టీ కొట్టనట్టు కొడతాను, ఆయనా అంతే. కత్తి ఎత్తి ఆగుతాను, ఆయనా ఎత్తి ఆగుతాడు. పాయింట్లు తరిగిపోతున్నాయి. ముప్ఫై గదులు దాటి సంపాదించిన ఇనపచొక్కా పోయింది, మంచి కత్తి పోయింది. కొత్త కాపురం రోజుల్లో కూడా మేం ఇంతసేపు ఒకరినొకరం చూసుకోలేదు.

ఇవాళ గవరయ్య వచ్చి నా వెనక నిలబడ్డాడు. తెర మీద మా ఇద్దర్నీ చూశాడు. తర్వాత ఉన్నట్టుండి, "ఎన్నాళ్ళనించి ఇలగాడతన్నావమ్మా నువ్వు?" అన్నాడు.

"దసరాల ముందు నించీ. సూసినావా బాబూ, నన్ను కొట్టడు. ఎంత మెత్తబడిపోనాడో."

ఆయన నా పక్కన కూలబడ్డాడు. "నీకు తెలీదేటి? గట్టి మెట్టులో కావలోడు నీ ఆట సూసి నేర్సుకుంటాడు. అందుకే కదమ్మా అది గట్టి మెట్టు! ఆడీవోళ్ళలో సిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒక్కసారి గెలిసీసి ఎల్లిపోతారు, అక్కడెవులూ కాపరం పెట్టరు. నీకు తెలీదని నాకెలా తెలుస్తాది?"

నాకు అర్థం కాలేదు. అర్థమైందేమో, ఒప్పుకోలేదు. ఆయన యంత్రంలో ఏదో నొక్కి, ఇప్పుడే ముగిసిన ఆటని మళ్ళీ మొదటి నుంచి నెమ్మదిగా తిప్పించాడు. "నిన్ను సూడు. ఇప్పుడు ఆణ్ణి సూడు."

తెర మీద నేను. దెబ్బ మీదికి రాగానే మడమ మీద బరువు వేసి అర అడుగు వెనక్కి. అది తాడు లాగే మా ఆడవాళ్ళ వలపని; మగవాళ్ళు బరువులు మోస్తారు. గాలి కొట్టి తాడు బిగుసుకోగానే, లాగే ముందు అర అడుగు వెనక్కి వెయ్యకపోతే తాడు మనిషిని లోయలోకి ఈడ్చుకుపోతుంది. పదేళ్ళ వయసులో నేర్పుతారు. చచ్చేదాకా ఒంట్లోంచి పోదు. మా జట్టు ఆడవాళ్ళు ఎవరైనా గట్టిగా పిలిస్తే ముందు అర అడుగు వెనక్కి వేసి తర్వాత పలుకుతారు.

తెర మీద ఆయన. మడమ మీద బరువు. అర అడుగు వెనక్కి. కత్తి ఎత్తడం, ఆగడం, తల కొంచెం వంచి చూడటం, అన్నీ నావే. మా ఆయన ముఖం పెట్టుకుని నన్ను నేనే చూసుకుంటున్నాను. ఇన్ని నెలలూ నన్ను జాలితలచి వదిలేసింది నేనే. నాకు చలి పుట్టింది. ఈ కొండ మీద చలి ఎరిగినవాళ్ళెవరూ లేరు, అయినా అది చలే.

"పాతాయన్ని పిలు బాబూ. యంత్రంలో పాత ఆట ఉంటాది కదా."

"లేదమ్మా. ఇంతమంది పోయినాక అన్నీ దాసడానికి సోటేదీ? కొత్తది నేర్సినకొద్దీ పాతది సెరిగిపోద్ది."

"కింది మెట్టులో ఉన్నోడో?"

"కావలోడొక్కడేనమ్మా. మెట్టుమెట్టుకీ ఏరే మడిసుండడు. బుర్ర పెంచడం, తగ్గించడమే. నేర్సిన నడక మాత్రం అన్ని మెట్లకీ దిగిపోద్ది."

పోయినవాణ్ణి రోజూ చూసుకోవాలని వచ్చి, రోజుకింత చొప్పున నేనే చెరిపేశాను. కొట్టి వెళ్ళిపోయి ఉంటే అలాగే ఉండేవాడు. ప్రేమగా చూశాను, అందుకే పోయాడు.

మరో చావు

నేర్పించి చెరిపితే, నేర్పించి తిరిగి తెచ్చుకోవచ్చనుకున్నాను. నేనే ఆయనలా ఆడితే సరి. తల వంచి, భుజం ముందుకు పెట్టి, పొట్టేల్లా మీద పడితే చూసి నేర్చుకుంటాడు కదా.

రోజూ వలలు కాగానే వెళ్ళి అదే పని. నోటితో "హోయ్" అంటూ పరుగెత్తాను, ఆయన అనేవాడని గుర్తు. అవునో కాదో. వెనక నుంచి ఆ అరుపులు వినడమే గానీ నేను తెర వైపు తిరిగిందెప్పుడు? మామూలు మెట్టులో చూసిన ఆ కొద్దిపాటి పరుగే నా దగ్గరున్న ఆస్తి. దాన్నే తీసి తీసి చూపించాను.

ఇవాళ ఆయనే ముందు నా మీదికి వచ్చాడు. తల వంచుకుని, భుజం ముందుకు పెట్టి! సగం దూరం వచ్చి ఆగాడు. మడమ మీద బరువు వేశాడు. నేను పరుగెత్తేటప్పుడు సగం దారిలో నాకు తెలీకుండా చేస్తున్నది అదే కాబోలు. ఆ తర్వాత నన్ను చంపింది ఆయనో నేనో తెలీదు.

ఇంట్లో అత్త పెట్టె అడుగు నుంచి జరీ చీర తీసి నీడపట్టున ఆరేసింది. ఎల్లుండే సాగనంపు. "ఆడు నన్ను సూత్తే గుర్తు పడతాడంటావా? ముసిలైపోనాను కదే" అని అడుగుతోంది. ఈ కొండ మీద మా ఆయన ఆటని రోజూ పక్కన కూర్చుని చూసిన మనిషి ఒక్కర్తే ఉంది, అది ఆమె. ఒక్క అడుగులో కనిపెట్టేస్తుంది. లేదా, ఇంకా ఘోరం, కనిపెట్టదు. నాలాగే ఆమె కూడా ఆ బొమ్మ ముందు కూర్చుండిపోతుంది.

చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. చీర బాగుందత్తా అన్నాను.

సాగనంపు రోజు

ఇవాళ ఎవరూ చావలేదు. అయినా రాస్తున్నాను.

ఆటసాల నిండిపోయింది. సొరంగం తలుపులు బిగించి ఉన్నాయి, బయట ఎండ కాగుతోంది. అత్త జరీ చీరలో ముందు బల్ల మీద కూర్చుంది. గవరయ్య సులువు మెట్టు పెట్టి, గుమ్మం దాకా తెచ్చి, రిమోటు ఆమె చేతిలో పెట్టాడు. నా వైపు చూడలేదు. రేపటికి వాయిదా వెయ్యమని పొద్దున ఆయన్ని బతిమాలాను. పోయినవాళ్ళ రోజుని వాయిదా వెయ్యరమ్మా అన్నాడు.

తెర మీద మా ఆయన నిలబడి ఉన్నాడు.

"అయ్యా, ఒచ్చినాన్రా" అంది అత్త. కాసేపు అలాగే చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని మీట నొక్కింది. దెబ్బ వెళ్ళింది. ఆయన అర అడుగు వెనక్కి వేశాడు. కత్తి గాలిలో తిరిగి నేలకి తగిలింది.

సాగనంపు దెబ్బ తప్పడం మా కొండ మీద ఎవరూ ఎరగరు. ఒక్కసారిగా గోల. "ఎల్లనంటన్నాడు! దాలినాయుడు ఎల్లనంటన్నాడు!" ఎవరో దండాలు పెడుతున్నారు, ఎవరో పిల్లల్ని లాక్కుని గోడ వైపు జరిగారు. "ఆడికి దారి కనపడ్డానికి నూతిలో దీపం పెట్టాల", "శవం దొరకనోడు కదా, అందుకే" అని తలా ఒక మాట.

అత్త ముఖం వెలిగిపోయింది. ఏడుస్తూ నవ్వుతూ, "నన్నొగ్గి ఎల్లడర్రా నా కొడుకు! నాను సెప్పలేదా! రేపట్నించి రోజూ ఒత్తాను. ఇక్కడే కూకుంటాను. ఎవులూ ఆణ్ణి కొట్టొద్దు" అంది. అంటూనే, నమ్మలేనట్టు, ఇంకోసారి చూసుకోవాలన్నట్టు మళ్ళీ మీట నొక్కింది. మళ్ళీ అర అడుగు వెనక్కి. ఇంకోసారి నొక్కింది.

మూడోసారికి ఆమె నవ్వు ఆగింది. తెర దగ్గరకి ముఖం పెట్టింది. ఆమె కూడా ముప్ఫై ఏళ్ళు వలతాడు లాగిన మనిషి.

"నా కొడుకు ఏనాడూ ఎనక్కి అడుగెయ్యలేదు" అంది. గట్టిగా అనలేదు. అయినా సాల అంతా వినిపించింది. "ఏసుంటే ఉండీవోడు."

నా వైపు తిరిగింది. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను.

"ఇది నువ్వు గదే."

"అవునత్తా."

"ఎలాగొచ్చినావే ఆడి ఒంట్లోకి?"

"రోజూ ఎల్లినాను. సూడాలని. ఎల్లినకొద్దీ నన్ను నేర్సుకున్నాడంట. నాకు తెలీదత్తా."

ఆమె రిమోటు బల్ల మీద పెట్టింది. లేచి, జనాన్ని తప్పించుకుంటూ, నా ముందుకొచ్చి నిలబడింది. నా భుజం దాకా కూడా రాదు మనిషి.

"మరి నా కొడుకేడే?"

ఆయన పడిపోయిన రోజున ఎవరైనా అడిగితే లోయలో ఉన్నాడన్నాను. తర్వాత పై మెట్టులో ఉన్నాడన్నాను. ఇన్నాళ్ళూ ఎక్కడో ఒకచోట ఉన్నాడనే చెప్పుకున్నాను, అందరికీ, నాకూ. ఇవాళ చెప్పడానికి చోటు మిగల్లేదు.

"లేడత్తా" అన్నాను.

అత్త చెయ్యెత్తి నా చెంప మీద కొట్టింది. మామూలు దెబ్బ కాదు, ముప్ఫై ఏళ్ళు తాళ్ళు లాగిన చెయ్యి. నేను కదల్లేదు. చెవి గింగురుమంది. నోట్లో ఉప్పగా తగిలింది. ఆ తర్వాత నా లోపల నుంచి ఒక అరుపు వచ్చింది. ఆయన పోయిన రోజు రావలసినది అది. కింద కూలబడిపోతుంటే అత్త నాతోపాటే కూలబడి, కొట్టిన చేత్తోనే నా తల పట్టుకుని పొట్టకి అదుముకుంది. "పోనాడే, మనోడు పోనాడే" అని ఆమె, "పోనాడత్తా" అని నేను, ఇద్దరం నోరారా ఏడ్చాం. ఎవరూ మమ్మల్ని ఊరుకోమనలేదు. గవరయ్య బెల్లం పళ్ళెం పట్టుకుని వచ్చి మా పక్కన కింద పెట్టాడు.